మంచం పక్కన బడి: డాక్టర్ విలియం ఆస్లర్ జీవితం



ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని మన కార్యవర్గం వారు అడిగారు. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి వ్రాసేవారు ఎలాగూ ఉంటారు. ముప్పై నాలుగేళ్ళు ఈ విశాఖపట్నంలో వార్డు నర్సుగా పనిచేసి రిటైరైన నేను, ఒక మనిషి గురించి వ్రాస్తానని చెప్పాను. ఆయన పేరు సర్ విలియం ఆస్లర్. సంగీతం వచ్చినవారికి త్యాగరాజస్వామి పేరు ఎంత తెలుసో, వైద్యం చదివినవారికి ఈ పేరు అంత తెలుసు. మిగిలినవారికి తెలియకపోవచ్చు. కాని ఆయన బలంగా నిలబెట్టిన పద్ధతి చేతిలో పడనివారు మనలో తక్కువ. పెద్దాసుపత్రిలో చేరితే ఉదయం స్పెషలిస్టు గారు వస్తారు, ఆయన వెనుక తెల్లకోట్లతో ఏడెనిమిది మంది కుర్ర డాక్టర్లు మన మంచం చుట్టూ మూగుతారు, ఒకరి తరువాత ఒకరు పొట్ట నొక్కి చూస్తారు. మనకు అది కొంచెం ఇబ్బంది, కొంచెం సిగ్గు. అసలు అదంతా ఎందుకో ఆస్లర్ జీవితం చూస్తే తెలుస్తుంది.

ముందే ఒక మాట చెప్పాలి. మన సంఘం పత్రికలో ఈయన పేరెత్తడానికి కాస్త ధైర్యం కావాలి. అరవై దాటినవారి వల్ల లోకానికి ఉపయోగం లేదని నిండు సభలో అన్న పెద్దమనిషి ఈయన! ఆ కథ కూడా చెబుతాను.

అల్లరి పిల్లవాడు

ఆస్లర్ 1849 జూలై 12న కెనడాలో బాండ్ హెడ్ అనే మారుమూల పల్లెలో పుట్టారు. తండ్రి ఫెదర్‌స్టోన్ ఆస్లర్ ఇంగ్లండు నుంచి వచ్చినవారు. మొదట నౌకాదళంలో పనిచేసి, తరువాత చర్చి గురువై, అడవులు కొట్టి పొలాలు చేసుకుంటున్న ఆ ప్రాంతంలో గుర్రం మీద ఊరూరా తిరిగేవారు. పెద్ద సంసారం. మగపిల్లల్లో విలియం ఆఖరివాడు, అల్లరిలో మొదటివాడు. ఒక బడి నుంచి పంపివేశారు. మరో బడిలో స్నేహితులతో కలిసి వసతి గృహం చూసే ఆమెను గదిలో ఉంచి పొగ పెట్టారట. అది పోలీసుల దాకా పోయి, పిల్లలంతా జైలు ముఖం చూసి వచ్చారు. ఈ కొంటెతనం ఆయనను చివరిదాకా వదలలేదు. పెద్ద ప్రొఫెసరు అయ్యాక కూడా దొంగ పేరుతో పత్రికలకు తమాషా వ్యాసాలు పంపేవారు.

ఆయనను దారిలో పెట్టినవారు ఇద్దరు గురువులు. బడి నడిపే జాన్సన్ అనే చర్చి గురువు పిల్లలను చెరువు గట్ల వెంట తిప్పి, నీటిబొట్టులో ఏమేమి జీవులున్నాయో సూక్ష్మదర్శినిలో చూపేవారు. బోవెల్ అనే వైద్యుడు తన ఇంటి పుస్తకాలన్నీ కుర్రవాడికి వదిలిపెట్టారు. తండ్రిలా చర్చి గురువు కావాలని 1867లో కాలేజీలో చేరిన విలియం, మరుసటి ఏడే వైద్యానికి మారారు. 1870లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1872లో పట్టా పుచ్చుకున్నారు. తరువాత రెండేళ్ళు లండను, బెర్లిన్, వియన్నా ఆసుపత్రులలో తిరిగి చూసి వచ్చారు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలను మనం ఇప్పుడు ప్లేట్‌లెట్లు అంటున్నాం కదా, డెంగ్యూ వస్తే ఇంటిల్లిపాదీ లెక్కపెట్టుకునేవి, వాటిని రక్తంలో గమనించి తొలినాళ్ళలో వర్ణించినవారిలో ఆయన ఒకరు. అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు.

మశూచి వార్డు జీతం

1874లో చదివిన కాలేజీలోనే పాఠాలు చెప్పడానికి చేరారు. వయసు చూసి అందరూ బేబీ ప్రొఫెసరు అనేవారు. విద్యార్థులు చూడడానికి సూక్ష్మదర్శినులు లేవు, కాలేజీ దగ్గర డబ్బు లేదు. అప్పుడు ఆయన మాంట్రియల్ ఆసుపత్రిలో మశూచి వార్డు చూడడానికి ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో మశూచి వార్డు అంటే ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. ఆయనకు కూడా అది అంటుకుంది, అదృష్టం కొద్దీ తేలికగా పోయింది. ఆ వార్డు పనికి వచ్చిన జీతంతో విద్యార్థుల కోసం సూక్ష్మదర్శినులు కొన్నారు. నేను ఈ ఒక్క సంగతి చదివినప్పుడే ఈయన మీద నాకు గౌరవం కలిగింది.

అదే ఊళ్ళో ఆయన మరొక పని చేశారు. చనిపోయినవారి దేహాలను తానే కోసి పరీక్షించి, బ్రతికి ఉన్నప్పుడు డాక్టర్లు అనుకున్న జబ్బు నిజమా కాదా అని సరిచూసేవారు. అలాంటివి కొన్ని వందలు. తమ అంచనా తప్పయిన కేసులను దాచకుండా విద్యార్థుల ముందు పెట్టేవారు. ప్రొఫెసరు స్థానంలో ఉన్నవారు ఇలా చేయడం ఎంత కష్టమో ఆసుపత్రిలో పనిచేసినవారికి తెలుసు.

1884లో ఫిలడెల్ఫియా నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళాలా వద్దా అని నాణెం ఎగరవేసి తేల్చుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. అక్కడి పెద్ద డాక్టరు మిచెల్, ఈ కెనడావాడు మర్యాద తెలిసినవాడో కాదో చూద్దామని చెర్రీపండ్ల వంటకం పెట్టి, గింజలు ఎలా ఉమ్ముతాడో కనిపెట్టారట. ఆస్లర్ నెమ్మదిగా చెంచాలోకి తీసి పళ్ళెంలో పెట్టి గట్టెక్కారు. తీరా క్లాసులోకి వచ్చాక బల్ల అంచున కూర్చుని కాళ్ళూపుతూ మాట్లాడేవారు. అంతవరకు గొప్ప ఉపన్యాసాలకు అలవాటుపడిన విద్యార్థులకు మొదట నచ్చలేదు. కాని ఆయన వారిని వార్డులోకి తీసుకుపోయాక ఇక వెంట వదలలేదు.

వార్డులోకి వచ్చిన బడి

1889లో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడ వైద్య విభాగానికి ఆస్లర్ పెద్ద. 1893లో దానికి వైద్య కళాశాల కలిసింది. కళాశాలకు డబ్బు చాలక ఆగిపోతే మేరీ గారెట్ అనే ఆమె, ఆమె స్నేహితురాళ్ళు నిధి కూర్చి ఇచ్చారు. మగవారితో సమానంగా ఆడపిల్లలను చేర్చుకోవాలని, బాగా చదివినవారినే తీసుకోవాలని షరతులు పెట్టారు. ఆ షరతులు చూసి, మనం ప్రొఫెసర్లుగా వచ్చాం కాబట్టి సరిపోయింది, విద్యార్థులుగా అయితే సీటు దొరికేది కాదని ఆస్లర్ తన తోటివారితో హాస్యమాడారు.

అంతకుముందు అమెరికాలో చాలాచోట్ల వైద్యం అంటే హాలులో కూర్చుని ఉపన్యాసాలు వినడమే. ఒక్క రోగిని చేత్తో తాకకుండానే పట్టా తీసుకుని వైద్యం మొదలుపెట్టినవారు ఎందరో. మంచం దగ్గర పాఠం చెప్పడం ఆస్లర్ కనిపెట్టిన విద్య కాదు. హాలండులోని లైడెన్, తరువాత ఎడింబరో, పారిస్, లండను ఆసుపత్రులలో అది ముందే ఉంది. ఆయన దానిని తీసుకువచ్చి, కాలేజీ చదువుకు వెన్నెముక చేశారు. మూడో ఏట విద్యార్థులు ఓ.పి.లో రోగులను చూడాలి. నాలుగో ఏట వార్డులో గుమాస్తాల్లా పనిచేయాలి. ఒక్కొక్కరికి కొన్ని మంచాలు. రోగి చరిత్ర వ్రాయడం, రక్తం, మూత్రం తానే పరీక్షించడం, రోగి ఇంటికి వెళ్ళేదాకా లేదా ఆయువు తీరేదాకా వెంట ఉండడం వారి పని. పట్టా వచ్చాక కూడా ఆసుపత్రిలోనే ఉండి, పెద్దల కింద కొన్నేళ్ళు పని నేర్చుకునే రెసిడెంట్ల పద్ధతి అక్కడే గట్టిపడింది.

ఉదయం రౌండ్సుకు ఆస్లర్ వస్తే విద్యార్థి రోగి సంగతి చెప్పాలి. తరువాత అందరూ ముందు ఊరికే చూడాలి. చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ఆ తరువాత చేత్తో తాకాలి, వేలితో తట్టాలి, చిట్టచివర స్టెతస్కోపు. తెలియని విషయం వస్తే ఒక విద్యార్థికి అప్పగించి, లైబ్రరీలో చూసి వచ్చి అందరికీ చెప్పమనేవారు. పుస్తకం లేకుండా రోగులను చూడడం, రోగులు లేకుండా పుస్తకం చదవడం, ఈ రెంటినీ ఆయన సముద్ర ప్రయాణంతో పోల్చేవారు. మన పోర్టులో పైలట్లుగా, టగ్గుల మీద పనిచేసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. పటం లేకుండా పడవ నడపకూడదు, గట్టు మీద పటం పరుచుకుని కూర్చున్నవాడు నావికుడూ కాడు.

1892లో ఆయన వ్రాసిన వైద్య గ్రంథం వెలువడింది. ఆ ఏడే గ్రేస్ అనే ఆమెతో వివాహం. ఆ గ్రంథంలో ఆయన ఎన్నో జబ్బులకు మన దగ్గర పనిచేసే మందు లేదని నిజాయితీగా వ్రాశారు. 1897లో ఆ పుస్తకాన్ని రాక్‌ఫెల్లర్ సలహాదారు గేట్స్ చదివి, ఇన్ని జబ్బులకు మందు లేదా అని ఆశ్చర్యపోయి, యజమానిని ఒప్పించి 1901లో వైద్య పరిశోధన సంస్థ పెట్టించారు. తెలియదని ఒప్పుకున్న పుస్తకం తెలుసుకోవడానికి డబ్బు తెచ్చింది!

మన్యం జ్వరం

మనకు దగ్గరగా వచ్చే సంగతి ఒకటి ఉంది. మలేరియా పురుగు రక్తంలో ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో చెప్పినప్పుడు ఆస్లర్ నమ్మలేదు. తరువాత ఫిలడెల్ఫియాలో తన రోగుల రక్తాన్ని తానే సూక్ష్మదర్శిని కింద చూసి, నమ్మి, ఆ మాట అందరికీ చెప్పారు. బాల్టిమోర్‌లో జ్వరం వచ్చిన ప్రతి రోగికీ రక్తం చూడకుండా మలేరియా అనకూడదని పట్టుబట్టారు. అంతకుముందు టైఫాయిడ్‌ను కూడా మలేరియా అని వ్రాసి ఊరుకునేవారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పురుగును పట్టుకున్నది ఈ కాలంలోనే.

నేను పనిచేసిన ఒక వార్డులో జరిగింది చెబుతాను. జ్వరంతో ఒక రిటైర్డు కళాసీ చేరాడు. ప్లీహం పెరిగింది. స్పెషలిస్టు గారు రాకముందే కుర్ర డాక్టర్లు వరుసగా వచ్చి ఎడమ డొక్క కింద నొక్కి చూస్తున్నారు. నలుగురు అయ్యారు. ఐదో అతను చెయ్యి వేయబోతే ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడే వచ్చిన స్పెషలిస్టు గారు అది చూశారు. ఎవరినీ కేకలు వేయలేదు. దుప్పటి కప్పి, నా స్టూలు తీసుకుని తల దగ్గర కూర్చుని, తాతా, నీ జ్వరం కథ మొదటి నుంచి మా పిల్లలకి చెబుతావా అని అడిగారు. ఆయన లేచి కూర్చుని చెప్పాడు. కూతుర్ని పాడేరు వైపు ఇచ్చారు, మనుమడి బారసాలకు వెళ్ళి వచ్చాక పట్టుకుంది, ఒళ్ళు కుదిపే చలి, తరువాత మంట, తరువాత చెమట, మర్నాడు బాగుంటాడు, ఆ మర్నాడు మళ్ళీ అదే. కేసు షీటులో ఊరి పేరు లేదు, రోజు విడిచి రోజు అన్న మాట లేదు. నలుగురి చేతులు చెప్పలేనిది ఆయన నోరు చెప్పింది. రక్తపు చుక్క చూస్తే మలేరియా. ఆ తరువాత ఆ ఐదో అబ్బాయి అడిగితే ఆయనే చొక్కా ఎత్తి చూపించాడు.

ఆ స్పెషలిస్టు గారి నోట నేను ఆస్లర్ పేరు మొదట విన్నాను.

ఎవరి మంచం బడి అయింది?

పెద్దవారి జీవితం చెప్పేటప్పుడు మంచే చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. కాని చెప్పవలసినవి రెండున్నాయి.

బాల్టిమోర్‌లో పాఠం చెప్పింది ఎక్కువగా బీదల వార్డులలో. డబ్బున్నవారు తమ గదుల్లో ఉండేవారు, వారి చుట్టూ విద్యార్థులు మూగరు. నల్లవారికి వేరే వార్డులు. అంటే ఆ చదువు ఖర్చు చాలావరకు లేనివారి శరీరం మీద పడింది. ఆస్లర్ వారితో దయగానే ఉండేవారు. కాని వద్దనే వీలు వారికి ఎంత ఉంది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మన దగ్గర కూడా బోధనాసుపత్రి మంచం ఎక్కువగా బీదవాడి మంచమే.

రెండోది మనవారి సంగతి. 1914లో కొమగాట మారు అనే ఓడలో 376 మంది, ఎక్కువమంది పంజాబీలు, బ్రతుకు తెరువు కోసం కెనడా తీరం చేరితే, కొద్దిమందిని తప్ప దిగనివ్వకుండా వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో ఆ ఓడ దిగినవారి మీద కాల్పులు జరిగి ఇరవైమంది వరకు చనిపోయారు. ఆ ఏడు ఆస్లర్, కెనడా తెల్లవారి దేశంగానే ఉండాలన్న పక్షాన మాట్లాడారు. మంచం మీద ఉన్న మనిషి మాట ముందు వినాలని నేర్పినాయన, ఓడలో ఉన్న మనుషుల మాట వినలేదు. ఈ మాట వ్రాయకుండా ఆయనను పొగడడం నాకు ఇష్టం లేదు. అలాగని ఆయన నేర్పిన పద్ధతి తప్పు అయిపోదు. ఆ పద్ధతిలో ఆ ఓడవారికీ చోటు ఉండవలసింది, అంతే.

అరవై ఏళ్ళ గొడవ

1904లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పిలిచింది. 1905 ఫిబ్రవరి 22న బాల్టిమోర్‌లో వీడ్కోలు ఉపన్యాసం. తాను వెళ్ళిపోవడం మంచిదే అని చెప్పడానికి, లోకంలో గొప్ప పనులన్నీ నలభైలోపు వారే చేశారని, అరవై దాటాక మనిషి పని మానుకోవడమే మేలని అన్నారు. దానికి తోడు, ట్రోలప్ అనే రచయిత నవలలో ముసలివారిని కొంతకాలం ఒకచోట ఉంచి ఆ తరువాత క్లోరోఫామ్ ఇచ్చి సాగనంపే ముచ్చట కూడా తమాషాకు ఎత్తారు. అప్పటికి ఆయనకు యాభై ఐదు. మర్నాడు పత్రికలన్నీ, అరవై దాటినవారికి క్లోరోఫామ్ ఇవ్వమన్న డాక్టరు అని పెద్ద అక్షరాలతో వేశాయి. దేశమంతా గగ్గోలు. ముసలివారిని వదిలించుకోవడానికి ఆయన పేరుతో ఇంగ్లీషులో ఒక క్రియాపదమే పుట్టింది. హాస్యమని ఎంత చెప్పినా వినేవారు లేకపోయారు.

దేవుడు కూడా హాస్యప్రియుడే అనుకుంటాను. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ ప్రొఫెసరు పదవితో పాటు యూల్మ్ అనే పల్లెలోని పురాతన వృద్ధాశ్రమం పెద్దరికం కూడా వస్తుంది. అక్కడ పదముగ్గురు ముసలివారు ఉండేవారు. అరవై దాటినవారు పనికిరారన్న ఆయన, తీరిక దొరికినప్పుడల్లా ఆ ముసలివారి దగ్గరకు వెళ్ళి, కబుర్లు విని, వైద్యం చూసి వచ్చేవారు. ఆ పని ఆయనకు ఎంతో ఇష్టం. తాను కూడా అరవై దాటాక పదేళ్ళు పనిచేశారు. ఆదివారం ఉదయాలు అక్కడి ఆసుపత్రి వార్డులో కుర్రవారికి పాఠం చెప్పారు. 1911లో సర్ బిరుదు వచ్చింది. ఆయన ఇంటి తలుపు విద్యార్థులకు ఎప్పుడూ తెరిచే ఉండేది.

కడుపుకోత

మొదటి బిడ్డ 1893లో పుట్టి వారం తిరగకుండానే పోయాడు. రెండోవాడు రెవెర్ ఒక్కడే కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో చేరి, 1917 ఆగస్టులో బెల్జియంలోని ఈప్ర దగ్గర గాయపడ్డాడు. అప్పుడు అక్కడ ఉన్న అమెరికన్ శస్త్రవైద్యులు, తండ్రి స్నేహితుడు హార్వే కుషింగ్‌తో సహా, రాత్రంతా పాటుపడ్డారు. దక్కలేదు. ఇరవై ఒక్క ఏళ్ళు. ఎందరి బిడ్డలనో చదివించినాయనకు తన బిడ్డ మిగలలేదు. ఆ తరువాత కూడా పగలు నవ్వుతూ వార్డుకు వచ్చేవారు, రాత్రిళ్ళు ఏడ్చేవారని దగ్గరివారు వ్రాశారు.

1919 శీతాకాలంలో ఊపిరితిత్తుల జబ్బు పట్టింది. తన జబ్బును తానే ఒక కేసులాగా గమనించుకుంటూ, ఇది తగ్గేది కాదని ముందే గ్రహించారు. డిసెంబరు 29న కన్నుమూశారు. డెబ్బై ఏళ్ళు. జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలు మెక్‌గిల్‌కు వెళ్ళాయి. ఆయన చితాభస్మం కూడా ఆ పుస్తకాల మధ్యనే ఉంది. తన గురించి ఏమైనా చెప్పుకోవాలంటే, విద్యార్థులకు వార్డులో పాఠం చెప్పానన్నది ఒక్కటి చాలని ఆయన కోరుకున్నారు.

మనం చేయగలిగినది

ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1923లో, మన ఊళ్ళో వైద్య కళాశాల మొదలైంది. 1940లో దానికి ఆంధ్ర వైద్య కళాశాల అని పేరు వచ్చింది. అక్కడి పద్ధతి బ్రిటిష్ ఆసుపత్రుల నుంచి వచ్చినదే అయినా వేరు ఒక్కటే. కేజీహెచ్ మంచాల పక్కన నేర్చుకున్నవారే పోర్టు ఆసుపత్రిలో, స్టీల్‌ప్లాంట్ ఆసుపత్రిలో, పల్లెల్లో మనకు వైద్యం చేశారు. ఏదో ఒక రోజున ఎవరో ఒక రోగి వారి చెయ్యి తన పొట్ట మీద వేయనిచ్చాడు కాబట్టే అది సాధ్యమైంది.

అందుచేత సభ్యులకు నర్సుగా నాలుగు మాటలు.

స్పెషలిస్టు దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత కాగితాలు తేదీల వారీగా పెట్టుకోండి. వేసుకుంటున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.

మీ జబ్బు కథ మొదటి నుంచి మీ మాటల్లో చెప్పండి. గ్యాసు, నరాల బలహీనత అని మనమే పేరు పెట్టేయవద్దు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడికి వెళ్ళి వచ్చాక, ఏం చేస్తే పెరుగుతుంది అన్నవి చెప్పండి.

కుర్ర డాక్టర్లు చూస్తామంటే వీలైనంతవరకు చూడనివ్వండి. కాని తెర వేయమని అడిగే హక్కు మీది. నొప్పిగా ఉంటే, అలసిపోతే, ఇక చాలు నాయనా అనండి. ఆడవారు తోడుగా నర్సును ఉండమనండి. వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మంచం దగ్గర వారు మాట్లాడుకునేది ఇంగ్లీషులో. పాఠంలో భాగంగా, ఇది కాకపోవచ్చు గాని అని పది జబ్బుల పేర్లు వస్తాయి. అందులో భయంకరమైన పేరు ఒక్కటి చెవిన పడి, రెండు రోజులు అన్నం మానేసిన మనిషిని నేను చూశాను. ఆయనకు ఆ జబ్బు లేదు. కాబట్టి రౌండ్సు ముందుకు సాగేలోగా ఆపి, బాబూ, మీరు ఇప్పుడు నేర్చుకున్నది నాకు తెలుగులో చెప్పి వెళ్ళండి అని అడగండి. అలా చెప్పగలిగితేనే వారికి పాఠం వచ్చినట్టు.

అరవై దాటినవారు ఎందుకూ పనికిరారన్న మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు తోచలేదు. ఆయన బడిలో పాఠ్యపుస్తకం మనమే కదా.